వైద్యదాసోహము

దాసోహమనగా అన్నము పెట్టుట మాత్రమే యని తలచువారు మనలో పెక్కురు కలరు. 12వ శతాబ్దపు శరణులలో వైద్య సంగణ్ణ యను వచనకర్త యుండెను. హరళయ్యకు చెప్పులు కుట్టుట, అంబిగర చౌడయ్యకు పడవ నడుపుట యెట్టి కాయకమో, ఆయనకు నాడి చూచుట అట్టి కాయకము.

శంషాబాదు విమానాశ్రయము 2008లో ప్రారంభమైనది. ఆ ప్రాంతమున, ఇటు రావిర్యాల వరకు, కట్టడపు పనులకై ఒడిసా, బీహారులనుండి కూలీలు వచ్చుచున్నారు. ఒడియా తప్ప అన్యభాష యెరుగని తల్లి జ్వరమువచ్చిన బిడ్డ నెత్తుకొని ఆసుపత్రికి వచ్చినదనుకొందము. అందరితోపాటు వరుసలో నిలిచినది. అందరికిచ్చిన మందే ఆమెకును ఇచ్చిరి. ఎవ్వరును కులమడుగలేదు, కసరుకొనలేదు. ఐనను ‘పూటకు అరచెంచా’ యన్న మాట ఆమెకు తెలియలేదు. ఎంత పోయవలెనో యెరుగక గుడిసెకు మరలిన ఆ తల్లికి న్యాయము జరిగినదా? ఇచ్చట పక్షపాతమును పట్టుట కష్టము, చేసినవాడొక్కడును కానరాడు. అటులనే దినకూలి ఉదయమంతయు వైద్యునికై నిలిచినచో ఆనాటి కూలి పోవును. ఉచితపు మందు అతనికి ఉచితము కాదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తెల్లకార్డు ఆధారముగా నడచినది. పొరుగు రాష్ట్రపు కూలికి ఆ కార్డేదీ? ఆయుష్మాన్ భారత్ రాష్ట్రము దాటినను చెల్లును గాని, అది ఆసుపత్రిలో చేరినవారికే. జ్వరపు మందునకు కాదు.

పూర్వులు ఈ విషయము నెరుగుదురు. 1261 నాటి మల్కాపుర శాసనము చూడుడు. విశ్వేశ్వర శివాచార్యునకు కాకతీయులొసగిన గ్రామాదాయముతో ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడచినవి. (వారు వీరశైవులు కారు, ఐనను మంచిని మంచి యనవలెను.) బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎల్లరకు అన్నము పెట్టవలెనని అందు కలదు. అన్నముకడ భేదము లేదు. చికిత్సకడకు వచ్చుసరికి రోగికొక శాల, గర్భిణికొక శాల. ఆకలి అందరిది ఒక్కటే, బాధ ఒక్కటి కాదు.

పాల్కురికి సోమనాథుడు బసవని చరితమును జానుతెనుగున ద్విపదలో చెప్పినది సామాన్యునకు తెలియుటకే గదా! ఆ తల్లికి కావలసినదియు అంతియే: చీటిపై ఉదయసూర్యుని బొమ్మ యొకటి, చంద్రుని బొమ్మ యొకటి, సగము నిండిన చెంచా బొమ్మ యొకటి. గీయుటకు ఒక నిమిషము పట్టును. వెనుక నిలిచినవారు ఆ నిమిషమునకే విసుగుకొందురు. వారిలో విభూతి ధరించినవారును ఉందురు.