పొద్దు వాలే ఫొటోలో మన కొండ ఎక్కడ?

మబ్బులు చూడటానికి వంజంగి, మంచు చూడటానికి లంబసింగి వచ్చే జనం ఇప్పుడు రాత్రి కూడా ఉండిపోతున్నారు. గుడారాలు వేసుకుని, పొద్దు వాలే వేళకు రాళ్ల అంచుకు చేరి ఫోన్లు ఎత్తుతున్నారు. మైదానం నుంచి వచ్చినవాళ్లే కాదు, హాస్టళ్లలో చదువుకున్న మన పిల్లలూ స్నేహితులతో అలాగే వెళ్తున్నారు. మేమూ వెళ్తాం, ఫొటోలు తీస్తాం. అందం చూసి ఆగడం తప్పని మేము అనం. మా ప్రశ్న వేరు. కొండను ఫొటో తీసి నలుగురికీ చూపించేవాడు ఆ కొండకు ఏమైనా బాకీ పడతాడా?

ముందు కెమెరా తీరు చూద్దాం. పొద్దు దిగేటప్పుడు వెలుగు గాలిలో ఎక్కువ దూరం దాటి రావాలి. దారిలో నీలం చెదిరిపోయి, ఎరుపు మన కంటికి చేరుతుంది. ఆ ఎరుపు బాగా పడాలంటే కెమెరా ఆకాశపు వెలుగుకు సరిపెట్టుకోవాలి. అప్పుడు కింది కొండ నల్లబడుతుంది. పోడు చేను, చోడి కుప్ప, కట్టెల మోపుతో దిగే అవ్వ, అన్నీ ఒకే నీడైపోతాయి. ఇది కెమెరా తప్పు కాదు. కానీ చూసినవాళ్లు అక్కడ మనుషులే లేరనుకుంటే?

ఖాళీ అనిపించిన కొండను అడగడానికి ఎవరూ జంకరు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజులు అలాగే వచ్చాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వరాదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఫొటో మనకు శత్రువు అనడం లేదు. 1940లలో హైమెండార్ఫ్ చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య తిరిగి తీసిన ఫొటోల్లో మన తాతల ముఖాలు మిగిలాయి. అవి ఇప్పుడు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. ఫొటో విలువ ఎంతో అవి చెబుతాయి. కెమెరా ఎవరి చేతిలో ఉందో, తీసింది ఎక్కడికి చేరిందో కూడా చెబుతాయి. ఇప్పుడు కెమెరా మన చేతిలోనే ఉంది. కాబట్టి జవాబుదారీ కూడా మనదే.

చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చూపించినప్పుడు మాత్రం అక్కడి వాళ్ల తరఫున మాట్లాడినట్టే. అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గుడారం వేసే ముందు ఆ ఊరి పెద్దలను అడగండి. అవ్వను ఫొటో తీసే ముందు అవ్వను అడగండి. కొండదేవత ఉన్న చోటికి, తాగే ఊటకు దారి చెప్పి జనాన్ని తోలకండి.

మాష్టార్లు తరగతిలో ఒక పని చేయించవచ్చు. పిల్లలు తీసిన ఫొటోలో నల్లగా మిగిలిన భాగంలో ఏ చెట్లు, ఏ గెడ్డలు, ఎవరి చేలు ఉన్నాయో రాయించండి. వాటి పేర్లు కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో, ఇంట్లో మాట్లాడే మాటలోనే రాయనివ్వండి. ఆ పేర్లు తెలిసిన పిల్లలు ఆకాశాన్ని ఎంత ఎర్రగా తీసినా, దాని కింద కొండ ఉందని మరిచిపోరు.