‘ఏం కాదులే’ అనేవాడి కోసం

తూటాలోని మందుకు నిప్పంటించే స్మాల్ పిస్టల్ ప్రైమర్ అడ్డకొలత 0.175 అంగుళాలు. అంటే నాలుగున్నర మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. స్టాండర్డ్ రకమైనా, మాగ్నం రకమైనా అంతే. ఒకదాని బదులు ఇంకొకటి తీసుకుంటే తూటా అడుగున ఉన్న గుంటలో చక్కగా కూర్చుంటుంది. చేతికి తేడా తెలియదు, తూటాలు నింపే ప్రెస్సుకూ తెలియదు. నాకు చిక్కు తెచ్చిపెట్టింది ఈ సులువే. పట్టని వస్తువైతే పక్కన పడేసి మరిచిపోయేవాణ్ణి. పట్టింది కనుక, వాడటానికి కారణాలు వెతకడం మొదలుపెట్టాను.

నేను డాలస్ పక్కన ఉండే తెలుగువాణ్ణి. పగలంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కొన్ని శనివారాలు షూటింగ్ రేంజ్. హెచ్‌1బి మీద ఉన్నన్నాళ్లూ ఆ ఊసే ఎత్తలేదు. ఆ వీసా మీద ఉన్నవాడు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఇక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి, అంతే. గ్రీన్ కార్డు వచ్చాక ఒక రివాల్వర్ కొన్నాను. ఆ తర్వాత, తూటాల ఖర్చు చూసి, వాడేసిన ఖాళీ కేసుల్ని మళ్లీ నింపుకునే పని, అంటే రీలోడింగ్, నేర్చుకున్నాను. ఇక్కడ సొంత వాడకానికి చేసుకుంటే అది ఓ సరదా. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే నేరం. నా ఈ సరదా సంగతి అమ్మకు ఇంతవరకూ చెప్పలేదు. “గ్యారేజీలో గంటలకొద్దీ ఏం చేస్తావురా?” అని ఫోన్లో అడిగితే “ఏదో రిపేరు పనమ్మా” అంటాను. గుడ్డు కూడా దూరని ఇంట్లో పెరిగినవాడికి ఈ పిచ్చి ఎందుకు పట్టుకుందో నాకే సరిగ్గా తెలియదు. కాగితపు గురి మీద తప్ప దేనిమీదా కాల్చలేదు. మిల్లీగ్రాముల తూకాలు, అంగుళంలో వెయ్యో వంతు కొలతలు, అన్నీ రాసిపెట్టుకునే పుస్తకం. బహుశా నన్ను పట్టుకున్నవి అవే. జాగ్రత్తపరుడని అనిపించుకోవడం నాకిష్టం. ఈ పని ఆ ఇష్టానికి బాగా నప్పింది.

పని చెప్పుకుంటే చిన్నదే. పేలిన కేసును డైలోకి నొక్కి పాత కొలతకు తెస్తాం. పాత ప్రైమర్‌ను సూదితో కిందికి తోసేస్తాం. కొత్తది కూర్చోబెట్టి, తుపాకీమందు తూచి పోసి, పైన బుల్లెట్ బిగిస్తాం. సూదితో తోయగలిగేది కేసు అడుగున నడిమధ్య ఒకే రంధ్రం ఉంటుంది కాబట్టి. ఆ ఏర్పాటు బాక్సర్ అనే ఆంగ్లేయ సైనికాధికారిది. రెండు చిన్న రంధ్రాల బెర్డన్ పద్ధతి ఒక అమెరికన్‌ది. ఇద్దరివీ 1860ల నాటి పేటెంట్లే. చివరికి బ్రిటిష్ వాడిది అమెరికాలో, అమెరికన్‌ది ఐరోపాలో స్థిరపడ్డాయి. అమెరికాలో ఇళ్లల్లో రీలోడింగ్ ఇంతగా పాకడానికి ఈ తారుమారు కూడా ఓ కారణం.

ప్రైమర్ అంటే ఓ బుల్లి లోహపు కప్పు. అందులో లెడ్ స్టిఫ్నేట్ ముఖ్యంగా ఉండే మిశ్రమం, దాని మీద చిన్న ఆన్విల్. సుత్తి దెబ్బకు ఆ మిశ్రమం నలిగి మండుతుంది, నిప్పు రంధ్రం గుండా మందులోకి దూకుతుంది. మాగ్నం రకంలో ఆ మంట మరింత వేడిగా, మరికాస్త ఎక్కువసేపు ఉంటుంది. దాని అవసరం పెద్ద తూటాలతో వచ్చింది. 1935లో .357 మాగ్నం, 1955లో .44 మాగ్నం వచ్చాయి. వాటిలో నిదానంగా కాలే బాల్ పౌడర్లు చాలా ఎక్కువ పోస్తారు. హెచ్110 అలాంటిదే. దానికి మామూలు నిప్పు చాలకపోవచ్చు. మందు సగం కాలి, బుల్లెట్ గొట్టంలోనే ఆగిపోతే, గమనించకుండా కాల్చిన తర్వాతి తూటా తుపాకీనే చీల్చగలదు. అంటే మాగ్నం బదులు స్టాండర్డ్ వేయడంలోనూ ప్రమాదం ఉంది. జనం మాట్లాడుకునేది మాత్రం ఎక్కువగా రెండోవైపు గురించే.

ఆ రెండోవైపు ఇది: చురుగ్గా కాలే మందు కొద్దిగా పోసిన చిన్న కేసులో మాగ్నం ప్రైమర్ వేయడం. అక్కడ మామూలు నిప్పే సరిపోతుంది. పెద్ద నిప్పు పెడితే పీడనం పెరగవచ్చు. ఎంత పెరుగుతుందో మందును బట్టి, బుల్లెట్ బరువును బట్టి, అది ఎంత లోపలికి దిగిందో దాన్నిబట్టి మారుతుంది. కొన్ని కలయికల్లో తేడా కనపడనే కనపడదు. పుస్తకాలన్నీ చెప్పే జవాబు ఒక్కటే: ప్రైమర్ మార్చావా, మందును ఆరంభ తూకానికి దించు, అక్కడి నుంచి కొంచెం కొంచెంగా పైకి రా. ఈ నియమం కూడా అన్ని మందులకూ వర్తించదు. హెచ్110ని పుస్తకంలోని తూకం కన్నా 3 శాతానికి మించి తగ్గించొద్దని దాన్ని అమ్మే హాజ్‌డన్ సంస్థే హెచ్చరిస్తుంది.

ఇవన్నీ నాకు ముందే తెలుసు. తెలిసీ వాడటానికి కారణాలు ఎందుకు వెతికాననేదే నన్ను నేను అడుగుతున్న ప్రశ్న.

2020లో కోవిడ్, ఎన్నికలు కలిసి వచ్చి తుపాకులూ తూటాలూ విపరీతంగా అమ్ముడయ్యాయి. అమెరికాలో ప్రైమర్లు చేసే పెద్ద పేర్లు నాలుగే: సీసీఐ, ఫెడరల్, వించెస్టర్, రెమింగ్టన్. వాళ్లకు సొంత తూటాలు నింపుకోవడానికే ప్రైమర్లు చాలలేదు. విడిగా అమ్మేవి అరల మీద నుంచి మాయమయ్యాయి. అంతకుముందు వెయ్యి దాదాపు 30 డాలర్లకు వచ్చేవి. 2021 నాటికి కొన్నిచోట్ల వంద దాటాయి, చేతులు మారినచోట అంతకంటే చాలా ఎక్కువ పలికాయి. అలాంటి రోజుల్లో ఒక దుకాణంలో నాకు స్మాల్ పిస్టల్ మాగ్నం ప్రైమర్ల పెట్టె కనిపించింది. స్టాండర్డ్‌వి లేవు. కొన్నాను. ఎలా వాడతానో తర్వాత ఆలోచిద్దాం అనుకున్నాను. నిజానికి అప్పటికే నిర్ణయం అయిపోయింది, ఆలోచన దాని వెనకాల నడిచింది.

ఇంటికొచ్చి పుస్తకాలు తీశాను, రేంజ్‌లో తెలిసినవాళ్లను అడిగాను. కొందరు “తగ్గించి మొదలుపెట్టు” అన్నారు. కొందరు “ఏం కాదులే, నేను ఏళ్లుగా వేస్తున్నా” అన్నారు. మొదటి జవాబు విన్నప్పుడు తలూపి పక్కకు తప్పుకున్నాను. రెండో జవాబు విన్నప్పుడు ఆగి, ఏ మందు, ఏ బుల్లెట్ అని వివరాలు రాసుకున్నాను. జాగ్రత్త చెప్పినవాణ్ణి ఒక్క ప్రశ్న అడగలేదు. నా నోట్సు తిరగేస్తే ఈ పక్షపాతం నా చేతిరాతలోనే కనిపిస్తుంది. నాకు కావలసింది సమాచారం అయ్యుంటే ఇద్దరి దగ్గరా సమానంగా రాసుకునేవాణ్ణి. నేను వెతికింది అనుమతి. బాధ్యత ఇంకొకరి భుజాన పెట్టగలిగే ఓ మాట.

చివరికి పని పద్ధతిగానే చేశాను. మందును కింది తూకానికి దించాను, మెట్టు మెట్టుగా పెంచాను, ప్రతి మెట్టులో వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు కాల్చాను. వేగం కొద్దిగా పెరిగింది. అయితే స్టాండర్డ్ అంకెలూ మాగ్నం అంకెలూ ఒకదాని మీదొకటి పడ్డాయి, గీత గీసి ఇది వేరు అది వేరు అనలేనంతగా. కొన్నాళ్లు దీన్ని నా క్రమశిక్షణకు సాక్ష్యంగా చెప్పుకు తిరిగాను కూడా. ఇప్పుడు లెక్క మళ్లీ చూసుకుంటే, నన్ను కాపాడడానికి అక్కడ ఇంకొకటి కూడా ఉంది.

నేను నింపింది .38 స్పెషల్. కాల్చిన రివాల్వర్ .357 మాగ్నంది. మొదటిదానికి ఇక్కడి పరిశ్రమ ప్రమాణ సంస్థ పెట్టిన పీడన పరిమితి చదరపు అంగుళానికి 17,000 పౌన్లు, రెండోదానికి 35,000. తుపాకీ పరిమితిలో సగం కూడా దాటని తూటాను, రెట్టింపు తట్టుకునే తుపాకీలో కాల్చి, చూశారా ఏం కాలేదు అనుకున్నాను. పైగా .38 స్పెషల్ పంతొమ్మిదో శతాబ్దం చివర నల్ల తుపాకీమందుకు అలవాటుపడిన కాలంలో పుట్టింది, కేసు లోపల చోటు ధారాళం. నా ధైర్యంలో నా తెలివి ఎంతో నిజంగా చెప్పలేను. ఇనుము మందం మాత్రం కచ్చితంగా ఉంది. క్రోనోగ్రాఫ్ కొలిచేది వేగాన్నే, పీడనాన్ని కాదు. పీడనం కొలిచే పరికరాలు ప్రయోగశాలల్లో ఉంటాయి, నా గ్యారేజీలో కాదు. పేలిన ప్రైమర్ అణిగిపోయిందా లేదా అని చూసి పీడనం అంచనా వేసే అలవాటు ఒకటుంది. చేతితుపాకీల్లో దాన్ని నమ్ముకోవడానికి లేదు. చాలాసార్లు ఆ గుర్తు కనపడేసరికే హద్దు దాటిపోయి ఉంటాం.

ఈ లెక్క నేను మళ్లీ చూసుకునేలా చేసింది మా ఊరివాడైన ఓ కుర్రాడు. నన్ను చూసే రీలోడింగ్‌లోకి దిగాడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

“అన్నా, స్మాల్ పిస్టల్ మాగ్నం దొరికాయి. 9 ఎంఎంలో వేసేయొచ్చా?”

“ఏ పౌడర్? ఎంత వేస్తున్నావ్?”

“మ్యాక్సిమమ్‌కి కొంచెం కింద. అవునా కాదా చెప్పన్నా, చాలు.”

“అయితే వద్దు తమ్ముడూ. కింద నుంచి మళ్లీ మొదలుపెట్టు, లేకపోతే స్టాండర్డ్ దొరికేదాకా ఆగు.”

“నువ్వు వాడుతున్నావుగా మరి?”

ఆ మాటకు వెంటనే జవాబు దొరకలేదు. అవును, వాడుతున్నాను. నేను ఒకప్పుడు వెతికిన ‘ఏం కాదులే’ మనిషి అతని దృష్టిలో నేనే. నోరు తెరిచి ఆ మాట అననక్కర్లేకుండానే, నేను వాడుతున్నానన్న ఒక్క ముక్క దాని పని చేసేసింది. 9 ఎంఎం పరిమితి కూడా 35,000. అయితే అతని పిస్టల్ దానికోసమే చేసినది, నా రివాల్వర్‌లోలాగా రెట్టింపు వెసులుబాటు లేదు. కేసు చిన్నది. బుల్లెట్ కాస్త లోతుగా దిగినా పీడనం ఎగబాకుతుంది. అతని తూటా గరిష్ఠం అంచున ఉంది. ఇవన్నీ అతనికి వివరంగా చెప్పాను, బహుశా అవసరానికి మించి చెప్పాను. అందులో అతని క్షేమం కొంత, పెద్దన్న వేషం కొంత. వింటున్నంతసేపూ అతని మౌనంలో విసుగు తెలుస్తూనే ఉంది. అదే విసుగు నేను కూడా జాగ్రత్త చెప్పినవాళ్ల ముందు దాచుకున్నాను కాబట్టి గుర్తుపట్టాను.

ఇంకొకటి కూడా ఉంది. చేత్తో చేసింది నలుగురికీ పంచకపోతే మనకు తోచదు. ఆవకాయ పెడితే పక్కింటికి సీసా వెళ్లాల్సిందే. ఆ అలవాటు కొద్దీ మొదట్లో, రేంజ్‌లో పక్కవాడి తూటాలు అయిపోతే నావి ఇద్దామని చెయ్యి ముందుకు సాగేది. రీలోడింగ్‌లో ఇంకొకరు నింపిన తూటా కాల్చకూడదు, మనం నింపింది ఇంకొకరికి ఇవ్వకూడదు అనే కట్టుబాటు ఉంది. ఇవ్వలేదు. కానీ నా దగ్గరి తూటాలకు తాళం వేసుకుని, నా అనుభవాన్ని మాత్రం అడిగినవాళ్లందరికీ ఉదారంగా పంచుతూ వచ్చాను. అనుభవం కూడా నా తుపాకీకి, నా తూకానికి మాత్రమే కుదిరే వస్తువని నాకు తోచలేదు.

రేంజ్‌లో మనం ఒక్కళ్లమే ఉండం. పక్క లేన్‌లో ఎవరి కూతురో, ఎవరి నాన్నో చెవులకు మఫ్స్ పెట్టుకుని నిలబడి ఉంటారు. తుపాకీ చీలితే ముక్కలు నా వైపే రావాలన్న నియమం ఏమీ లేదు. ‘నా గన్, నా రిస్క్’ అనే మాట నేను కూడా అన్నాను. ఆ లేన్ల మధ్య ఉన్న పలుచటి అడ్డగోడ చూసినప్పుడల్లా ఆ మాటలో నిజం సగమే అనిపిస్తుంది.

కుర్రాడు ఆగాడు. స్టాండర్డ్ ప్రైమర్లు మళ్లీ దొరకడం మొదలయ్యాకే 9 ఎంఎం నింపుకున్నాడు. నా మాగ్నం పెట్టె ఇంకా పూర్తిగా ఖాళీ కాలేదు. దాన్ని .38 స్పెషల్‌లో, ఆ రివాల్వర్‌కే, ఆ తూకంతోనే వాడతాను, ఆ తూటాల డబ్బా మీద ప్రైమర్ పేరు పెద్దక్షరాల్లో రాస్తాను. 9 ఎంఎంలో వాడను. మీరు ఈ పని చేసేవాళ్లయితే, ప్రైమర్ మార్చేముందు మీ మందుకు పుస్తకంలో ఏమని రాసుందో అది చూడండి. నేను వాడుతున్నానన్నది లెక్కలోకి తీసుకోకండి.