ఆ సున్నాకు పనేమిటి?

0.5 పెద్దదా, 0.50 పెద్దదా? దశాంశాలు కొత్తగా నేర్చుకునే పిల్లల్లో చాలామంది 0.50కే ఓటేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. 5 పక్కన సున్నా పెడితే 50 అవుతుందని అంతకుముందే వల్లె వేయించింది పెద్దలే.

బిందువు దాటాక కథ మారుతుంది. గ్రాము బంగారాన్ని పది భాగాలు చేసి అయిదు తీసుకున్నా, వంద చేసి యాభై తీసుకున్నా, వెయ్యి చేసి అయిదు వందలు తీసుకున్నా చేతికొచ్చేది అర గ్రామే. ముక్కలు పదింతలైన కొద్దీ ఒక్కో ముక్క పదో వంతుకు చిక్కిపోతుంది. 0.5, 0.50, 0.500 ఒకే విలువ. 0.05 సంగతి వేరు. అక్కడ సున్నా ముందుకు దూరి, అయిదును వందో వంతు స్థానానికి నెట్టేసింది.

రూపాలు ఎన్నయినా వస్తువు ఒకటే అనడం వేదాంతానికి కొత్త కాదు. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు చెప్పిన దృష్టాంతాల్లో బంగారం ఒకటి. ముద్ద సంగతి తెలిస్తే నగలన్నిటి సంగతీ తెలిసినట్టే, మిగిలేవి పేర్లే. కోలారు సీమకు ఇలాంటి తత్వాన్ని తెలుగులో, కన్నడలో పాడి వినిపించినవాడు గాజులమ్ముకున్న నారాయణప్ప, జనం పిలుపులో కైవారం తాతయ్య.

మరి చివరి సున్నా ఒట్టి వేషమేనా?

నగల దుకాణంలో త్రాసు దగ్గర నిలబడితే అలా అనిపించదు. ఒక్క దశాంశ స్థానమే చూపే త్రాసు 2.46 గ్రాములనూ 2.54 గ్రాములనూ 2.5 అనే చెబుతుంది. రెంటికీ తేడా 80 మిల్లీగ్రాములు. బంగారం కొనేవారికి అది చిన్న సంగతి కాదు. 2.500 అని చూపే త్రాసు మాత్రం మిల్లీగ్రాము దాకా వెతికి చూశానని హామీ ఇస్తోంది.

కేజీఎఫ్, అంటే కోలారు బంగారు గనుల్లోనూ ఇదే లెక్క. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే సూక్ష్మకణాలను పట్టుకున్న తొలి ప్రయోగాల్లో ఒకటి 1965లో అక్కడే, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున జరిగింది. దాన్నే 2.300 అని రాస్తే, లోతును మీటరు దాకా కొలిచామని చెప్పుకున్నట్టు.

శంకరుల అద్వైతమూ వ్యవహారాన్ని కొట్టిపారెయ్యదు. పరమార్థంలో ముద్దా నగా ఒకటే కావచ్చు, ముక్కుపుడక అడిగినవారికి కంకణం ఇస్తే మాత్రం ఊరుకోరు. దశాంశాలకూ ఈ రెండు అంతస్తులున్నాయి. చిన్న బడిలో కొట్టేసినా ఫరవాలేదన్న సున్నా, పీయూసీ ల్యాబ్‌లో స్క్రూగేజీ పట్టేసరికి తప్పనిసరి అవుతుంది. మిల్లీమీటరులో వందో వంతు దాకా చూపే ఆ పరికరంతో తీగ మందం కొలిచి 2.5 అని రాస్తే చాలదు, 2.50 అనాలి. విలువ మారలేదు కదా అని విద్యార్థి వాదిస్తే, లెక్కల టీచరు అతని పక్షాన నిలబడతారు, ఫిజిక్స్ లెక్చరర్ మార్కు తగ్గిస్తారు.