పులి లెక్క, మనిషి లెక్క

క్రూరమృగాలను కాపాడడమే వృత్తిగా పెట్టుకున్న శాస్త్రజ్ఞుడు ఎవరికి జవాబుదారీ? మృగానికా, సత్యానికా, ఆ అడవినే నమ్ముకొని బ్రతికే మనిషికా? సాహిత్య విమర్శకునికి ఈ ప్రశ్నతో పనేమిటని కొందరికి తోచవచ్చు. నాకు మాత్రం ఇది ఒక నవల ద్వారానే ఎదురయింది.

కన్నడ రచయిత శివరామ కారంత్ 1933లో ‘చోమన దుడి’ వెలువరించాడు. అందులో చోముడు అంటరానివాడు, వెట్టివాడు. సొంతంగా దున్నుకోవడానికి ఒక చెక్క భూమి కావాలన్నదే అతని కోరిక. అది తీరకుండానే చనిపోతాడు. ఆ రచయిత కుమారుడు ఉల్లాస్ కారంత్ ఇంజనీరింగు చదివి, దాన్ని వదలి పులుల వెంట నడిచాడు. 1990లో నాగరహొళె అడవిలో పులులకు రేడియో పట్టీలు కట్టి వాటి జీవితాన్ని పరిశోధించాడు. తండ్రిది భూమిలేనివాని పక్షం, కొడుకుది మృగం పక్షం అని తేల్చివేయడం సులభం. అంత తొందర తగదు.

పాదముద్రలను బట్టి పులులను లెక్కించే పద్ధతి మన దేశంలో 1966 నుంచి వుండేది. చూసే కంటిని బట్టి ఆ లెక్క మారేది. ఏ రెండు పులుల చారలూ ఒక్కలా వుండవు. కెమెరాకు చిక్కిన పులులెన్ని, వాటిలో మళ్ళీ చిక్కినవెన్ని అని చూసి, చిక్కనివాటిని కూడా అంచనా వేసే పద్ధతిని ఉల్లాస్, అమెరికన్ శాస్త్రజ్ఞుడు జేమ్స్ నికోల్స్‌తో కలిసి పులులకు అన్వయించాడు. పాత పద్ధతిని ఏళ్ళ తరబడి విమర్శించాడు. కాగితాల మీద పులులున్న సరిస్కాలో 2005 నాటికి ఒక్కటీ లేదని తేలింది. కెమెరాలను కూడా వాడి వేసిన 2006 నాటి దేశవ్యాప్త అంచనా 1,411. అంతకుముందు అధికార సంఖ్య 3,600 దాటి వుండేది. లేని పులి పేరు చెప్పి, కట్టెపుల్లలేరుకునే మనిషిని తరమడానికి అబద్ధపు లెక్కే ఆధారం కాగలదు. కాబట్టి నిజమైన లెక్క కోరడం ప్రజల పక్షమే.

ఐతే ఆ లెక్కకూ ఒక హద్దు వున్నది. పులి ఏడాదికి సుమారు 50 జంతువులను తింటుంది. అన్ని దొరకాలంటే 500 దాకా దుప్పులు, కణుజులు, అడవిదున్నల వంటివి మేసే చోటుండాలి. ఇంతవరకు శాస్త్రం. ఆ చోటును ఎవరు ఖాళీ చేయాలన్నది శాస్త్రం నిర్ణయించేది కాదు. అక్కడ నిర్ణయించేది అధికారం. కాఫీతోటను, జలాశయాన్ని ఎవరూ లేచిపొమ్మనరు. జేనుకురుబను అంటారు.

ఉల్లాస్ స్వచ్ఛంద పునరావాసాన్ని సమర్థించాడు. బడి, వైద్యం, దారి కోరి ఇష్టంగానే వెళ్ళినవారున్నారు. కాని వున్నచోట హక్కును గుర్తించకుండా, బయట పరిహారం మాత్రమే చూపినప్పుడు ఆ ఇష్టాన్ని ఇష్టమని ఎలా అనగలం? 2006 అటవీ హక్కుల చట్టం ముందు హక్కును గుర్తించమంటున్నది. 2025లో కొన్ని జేనుకురుబ కుటుంబాలు నాగరహొళెలోని తమ పాత చోటికి తిరిగివచ్చి అడిగింది దీన్నే. మన నల్లమల చెంచుల ముందున్నదీ ఈ ప్రశ్నే.

ఉల్లాస్ కుమార్తె కృతి కారంత్ 2015లో ప్రారంభించిన ‘వైల్డ్ సేవే’, నాగరహొళె, బండీపుర అడవుల చుట్టూ మృగాల వల్ల పంటనో పశువునో పోగొట్టుకున్న రైతుల చేత ప్రభుత్వ పరిహారానికి దరఖాస్తు పెట్టిస్తున్నది. తాత చోముణ్ణి చూశాడు, తండ్రి పులిని లెక్కించాడు, ఈమె మనిషి నష్టాన్ని కూడా లెక్కలోకి తెచ్చింది. ఇది ముందడుగే. ఐనా పరిహారం నష్టం జరిగిన తరువాత వచ్చేది. హక్కు అంతకుముందే వుండవలసినది. చోముడు అడిగింది భూమిని.

పులి బ్రతకాలి, అందులో నాకు సందేహం లేదు. దాని ఖర్చును అందరికన్నా లేనివాడే భరించాలన్న నియమం మాత్రం మనుషులు పెట్టినది; మనుషులు మార్చగలిగినది. ఈ వృత్తిలోకి వచ్చే యువకులు పులి చారలను చదివినంత నిక్కచ్చిగా ఆ ఖర్చు ఎవరి తలమీద పడుతున్నదో కూడా లెక్కగట్టి చెప్పాలి. అది కూడా వారి శాస్త్రంలో భాగమే.