పొగలేని నిప్పు

దేవుని యెదుట వేసిన సాంబ్రాణిపొగకును, వంటింట మాడిన తాలింపుపొగకును భేదము నెఱుగని యంత్రమొకటి యిప్పుడు మధ్యతరగతి గృహములలోనికి వచ్చి బల్లమీద కూర్చున్నది. ఎయిర్ క్వాలిటీ మానిటర్ అని దానిని పిలుచుచున్నారు. మా బోధను పట్టణమున సైతము ఉబ్బసమున్న పిల్లలకొఱకు, వృద్ధులకొఱకు దానిని తెచ్చుకొన్నవారు కలరు. శ్రావణ శుక్రవారమునాడు పూజగదిలో అగరువత్తులు వెలిగించి తలుపు దగ్గఱగా వేయగానే దాని అంకె పదులనుండి వందలకెక్కి, పచ్చని దీపము ఎఱ్ఱబడుటతో, అంతవఱకు వైద్యునికి సంబంధించిన ప్రశ్న ధర్మమునకు సంబంధించినదిగా మాఱుచున్నది. దేవతకు ప్రీతికరమని పెద్దలు చెప్పిన ధూపము, ఆ దేవత సన్నిధినే కూర్చున్న పసివాని యూపిరికి హానికరమని యంత్రము చెప్పినచో, గృహస్థుడు దేనిమాట వినవలెను?

దైవకార్యమునకు వేసిన పొగ హాని చేయదనువారును, అంకెను చూడగానే అగరువత్తితోపాటు పూజను కూడ మూఢాచారమని ఊడ్చివేయువారును మనలో కలరు. ఈ రెండు తెగలవారికిని విచారముతో పనిలేదు. హోమధూమమెంత పవిత్రమైనను కన్ను మండింపక మానదని హోమము చేయించినవారందఱకు తెలియును. పవిత్రత ద్రవ్యమునకు గల సహజగుణమును మార్పదు. అట్లని, ద్రవ్యగుణము తెలిసినంతమాత్రమున పూజయొక్క యర్థము తెలిసినదనుటయు సాహసమే.

మొదట యంత్రము పలుకు మాటకు ప్రామాణ్యమెంతయో చూడవలెను. వాయువునకు రూపము లేదనియు, వేడియు చల్లదనమును కాని యొక స్పర్శనుబట్టియే అది ఊహింపబడుచున్నదనియు తర్కసంగ్రహదీపికలో నిరూపించిన అన్నంభట్టు మన తెలుగువాడు. ఒంటికి తగులు గాలిని గూర్చియే తార్కికులకు అంత వాదము నడచినచో, ఒంటికి సైతము తెలియని ధూళిని గూర్చి మఱెంత జాగ్రత్త వలయును! పీఎం 2.5 అనునది 2.5 మైక్రోమీటర్లకు మించని కణసముదాయము. తలవెండ్రుక మందములో ఇరువదియవ వంతో, ముప్పదియవ వంతో మాత్రమే దాని పరిమాణము. యంత్రములోని చిన్న పంకా గదిలోని గాలిని లోనికి లాగుకొనును. లేజరు కిరణము ఆ గాలిగుండ పోవును. కణములకు తగిలి చెదరిన వెలుగును ఒక గ్రాహకము పట్టుకొనును. ఆ చెదరిన తీరునుబట్టి ఘనమీటరునకు ఇన్ని మైక్రోగ్రాములని లెక్కగట్టి యంత్రము తెరపై చూపును. అనగా అది ధూళిని చూచుట లేదు, చెదరిన వెలుగును చూచి ధూళిని ఊహించుచున్నది. కొండపై పొగను చూచి నిప్పును ఊహించిన తార్కికుని పనియే యిది.

ఇట్లు ఒక గుర్తునుబట్టి ఊహించుటనే తర్కమున అనుమానమందురు. అనుమానమైనందున అనుమానమునకు గల దోషములును దీనికి తప్పవు. పుష్యమాసపు తెల్లవాఱుజామున మంజీర నది పరిసరములలో మంచు క్రమ్మినప్పుడు కణములు తేమను పీల్చి ఉబ్బును, మంచుబిందువులు సైతము వెలుగును చెదరగొట్టును, అంకె ఉన్నదానికంటె ఎక్కువగా పలుకును. హేతువైన చెదరిన వెలుగు కనబడుచున్నది గాని సాధ్యమైన ధూళి అంతగా లేదు. దీనినే తర్కమున సవ్యభిచారమందురు. నిప్పున్నచోటనెల్ల పొగయుండునని వాదించినవానికి తడికట్టె యను ఉపాధిని, అనగా అదనపు నిబంధనను, చూపి తప్పు దిద్దిన శాస్త్రము మనది. ఇచ్చటను ఆ తడియే అడ్డు వచ్చుచున్నది. మఱి యంత్రపు దీపము ఏ అంకెయొద్ద ఎఱ్ఱబడవలెననునది మనుష్యులు చేసికొన్న నిర్ణయము: ఒక దినపు సగటు 15 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది, మనదేశమున 2009లో బయటిగాలికి విధించిన హద్దు 60. ఈ రెంటికిని నడుమ ఊపిరితిత్తుల స్వభావము మాఱదు.

ఇన్ని పరిమితులున్నను, మూసిన గదిలో అగరువత్తి వెలిగినప్పుడు అంకె వందలకెక్కుటలో సందేహింపవలసినదేమియు లేదు. అప్పుడు శాస్త్రమేమి చెప్పుచున్నది? పంచోపచారములలోను, షోడశోపచారములలోను ధూపమున్నమాట నిజము. కాని ఉపచారమును విధించిన సంప్రదాయమే దానికి ప్రతినిధిని కూడ విధించినది. వస్త్రము లేనప్పుడు, ఆభరణము లేనప్పుడు, ధూపము లేనప్పుడు వాని స్థానమున అక్షతలు సమర్పించుట మన యిండ్లలో ప్రతి వ్రతమునను జరుగుచునే యున్నది. అందులకు ఏ పురోహితుడును వ్రతభంగమని యనలేదు. ద్రవ్యమేదియు లేకయే సర్వోపచారములను మనస్సులోనే సమర్పించు మానసపూజను పెద్దలు తక్కువచేసి చెప్పలేదు. కావున ధూపమును తగ్గించుకొనుట శాస్త్రమును ధిక్కరించుట కాదు, శాస్త్రమిచ్చిన వెసులుబాటును వినియోగించుకొనుటయే.

ఇంతకంటెను లోతైన యాధారమొకటి కలదు. వాక్కు, కన్ను, చెవి, మనస్సు ఒక్కొక్కటి యేడాదికాలము దేహమును విడిచిపోయినను మనుష్యుడు బ్రతికియుండెననియు, ప్రాణము కదలబోవుసరికి మిగిలినవన్నియు పెల్లగిలి, విడిచిపోవలదని దానిని వేడుకొనెననియు ఛాందోగ్యములో ఒక కథ యున్నది. విస్తరిముందు కూర్చున్న గృహస్థుడు మొదటి ముద్దలను పంచప్రాణములకు ఆహుతులుగా అర్పించి పిమ్మటనే భుజించుటలోను ఆ భావమే యున్నది. యోగగ్రంథములు మనుష్యుని దినమునకు 21,600 శ్వాసలు గలవానిగా లెక్కించి, ఆ శ్వాసలనే అజపాజపమనినవి. ఒక్కొక్క శ్వాస అర లీటరనుకొన్నను దినమునకు పదివేల లీటర్లకు పైగా గాలి మన లోపలికి పోవుచున్నది. శ్వాసనే జపముగా భావించిన ధర్మమునకు, ఆ శ్వాసలో కలియు ధూళిని లెక్కించు యంత్రము పరాయిది కానేరదు.

పూర్వులు పొగవేయలేదా యని యడుగువారు పూర్వుల యిండ్లను కూడ తలచుకొనవలెను. ఆకాశము కనబడు మండువాలో వేసిన సాంబ్రాణి వేఱు, స్లాబుయింట మెట్లక్రింద కిటికీలేని అరలో కూర్చుండబెట్టిన దేవునికి వేసిన సాంబ్రాణి వేఱు. గాలి రాని గర్భాలయమున జీవితమంతయు నిలుచు అర్చకుని యూపిరిని గూర్చియు, వర్ని దగ్గఱ బడాపహాడ్ దర్గాలోవలె ఊదు పొగలో దినమెల్ల గడపు ముజావరుల యూపిరిని గూర్చియు భక్తులము మనమెన్నడైన ఆలోచించితిమా? కొన్ని యంత్రములు బొగ్గుపులుసు వాయువును కూడ కొలుచును. గదిలో అది పదిలక్షల భాగములలో వేయి భాగములకు మించరాదని మ్యూనిక్ నగరమున పెట్టెన్‌కోఫర్ అను శాస్త్రజ్ఞుడు 1858లోనే చెప్పెను. సత్యనారాయణవ్రతమునాడు బంధువులతో నిండిన గదిలో ఈ యంకె పెరుగుటకు పొగయేమియు నక్కఱలేదు, మన నిశ్వాసములే చాలును. ఒకరు విడిచినది మఱియొకరు పీల్చుచున్నారు. ఇంటిగాలి యెవరి సొత్తు అను ప్రశ్న అప్పుడు పుట్టును. నా మనస్సును వదలక పట్టియున్నది ఆ ప్రశ్నయే.

ఆ ప్రశ్నతోనే పూజగదిని దాటి మఱియొక గదిని చూతము. మా నిజామాబాదు జిల్లాలో వేలకొలది స్త్రీలకు బీడీయే బ్రతుకుదెరువు. తునికాకును నీట నానబెట్టి, కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసిన చాటను ఒడిలో పెట్టుకొని, వంచిన మెడ యెత్తకుండ వెయ్యి బీడీలకింత యను కూలికి వారు చుట్టుచుందురు. వానకు, చలికి ఆ పని గదిలోనికి వచ్చును. అదే గదిలో వంటయు, పిల్లల నిద్రయు. ఆ గదిలో మన యంత్రమును తీసికొనిపోయి పెట్టినచో ఏమగును? ఇట్టి చౌక యంత్రములు సన్నని పొగకణములను బాగుగా పట్టును గాని ముతక ధూళిని చాలవఱకు గుర్తింపజాలవు. ఎవరును పొయ్యి వెలిగింపని వేళ, తంబాకునలుసు గొంతులో గరగరలాడుచుండగనే, దీపము పచ్చగా వెలుగవచ్చును. వ్రేళ్ల చర్మముగుండ ఒంటిలోనికి దిగు నికోటినును చూపుటకైతే ఏ గాలిమీటరునకును శక్తి లేదు. తార్కికులు దీనికి ఉదాహరణము నెన్నడో చెప్పిరి: కాలిన యినుపగుండులో నిప్పున్నది, పొగ మాత్రము లేదు. పొగ కనబడినచోట నిప్పును ఊహింపవచ్చును గాని, పొగ కనబడనందున నిప్పు లేదనుటకు ఏ తర్కమును ఒప్పుకొనదు. ఎఱ్ఱదీపమును నమ్మి మేలుకొన్న గృహస్థుడు పచ్చదీపమును నమ్మి నిద్రపోయినచో, యంత్రమును సగమే చదివినవాడగును.

చట్టము కూడ ఈ గదిలోనికి రాలేదు. 1966లో బీడీ కార్మికులకొఱకు పార్లమెంటు చేసిన చట్టము పనిస్థలములో గాలి, వెలుతురు చక్కగా నుండవలెనని విధించినది. ఆ పనిస్థలమునకు నిర్వచనము చెప్పుచు నివాసగృహమును వదలివేసినది. పని ఇంటికి చేరినది, కిటికీ చట్టములోనే నిలిచిపోయినది. కంపెనీకి షెడ్డు కట్టవలసిన ఖర్చు తప్పినది, ఆ ఖర్చును స్త్రీల యూపిరితిత్తులు భరించుచున్నవి.

మా బోధనును జైనగాథలలోని బాహుబలి యేలిన పోదనపురముగా గుర్తించువారు కలరు. పృథివిని, జలమును, అగ్నిని వలెనే వాయువును కూడ దేహముగాగల జీవులున్నవని, వానికి సైతము హింస కూడదని చెప్పిన జైనధర్మము ఒకకాలమున ఈ నేలపై వర్ధిల్లినది. వాయుకాయజీవులను ఏ కంటనైన చూచి, ఏ తూనికనైన తూచి వారు దయ చూపలేదు. కొలువబడనిదానియెడ కూడ బాధ్యత యుండవచ్చునని ఈ నేల యొకనాడు విశ్వసించినది. ఇప్పుడు కొలత చేతికి వచ్చినంతనే ఆ బాధ్యత మన పూజగది గోడలదగ్గఱ ఆగిపోవుట నాకు వ్యథ కలిగించుచున్నది.

కావున నా విన్నపము రెండు దిక్కులకు. వ్రతము చేయించు పురోహితులు సంకల్పమునకు ముందే తలుపులు, కిటికీలు తెఱపించి, ఉబ్బసమున్నవారు గల యింట ధూపమునకు బదులు అక్షతలు చాలునని తమ నోటితో చెప్పవలెను. వారు చెప్పినచో గృహిణికి పాపభీతి యుండదు, యంత్రము చెప్పినచో ఉండును. ఇక బీడీ కంపెనీలు వెయ్యికింత యని కూలి కట్టునప్పుడు ఆ స్త్రీ తన యిల్లే కార్ఖానాగా ఇచ్చుచున్నదని గుర్తించి, ఆ గదికి కిటికీయు, పొగగొట్టమును పెట్టించు ఖర్చును కూలితో కలిపి లెక్కింపవలెను. కూలిరేట్ల చర్చ మరల వచ్చినప్పుడు, కార్మికసంఘములవారితోపాటు, యంత్రము కొనగలిగిన మనమును పోయి ఈ మాట అడుగవలెను.