బంతిలో బరువు మాట

కూర్మన్నపాలెం, విశాఖపట్నం

అమ్మలూ,

మొన్న పెళ్ళి బంతిలో అక్క రెండోసారి పులిహోర వేయించుకుంటుంటే "చాలక్కా, కుర్చీ విరుగుతుంది" అన్నావు. అందరూ నవ్వారు. అదీ నవ్వింది. ఆ పులిహోర మాత్రం ఆకులో అలాగే ఉండిపోయింది. పదిమందిలో నిన్ను మందలించడం ఇష్టంలేక ఇలా రాస్తున్నాను.

నువ్వు సన్నగా ఉన్నావంటే అది నీ గొప్ప కాదు, మీ నాన్న పోలిక. దానివల్ల నీ రోజు ఎంత సుళువుగా గడుస్తుందో చూసుకో. గాజువాక షేర్ ఆటోలో నువ్వెక్కితే ఎవరూ మొహం చిట్లించరు. అక్కెక్కితే డ్రైవరు "సర్దుకోండమ్మా" అంటూ దాని వంకే చూస్తాడు. బట్టల కొట్లో అది నోరు తెరవకముందే "మీ సైజు లేదండీ" అనేస్తారు. ఇవేవీ నీ దాకా రావు గనక అసలు లేవనుకుంటున్నావు.

"సన్నగా ఉంటేనే కదా ఆరోగ్యం" అంటావేమో. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్‌కిన్ 2004లో 'లాన్సెట్' పత్రికలో తమ ఫొటోలే పక్కపక్కన వేసుకున్నారు. ఎత్తుకీ బరువుకీ లెక్క కట్టే బీఎంఐ ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2. బరువుకీ షుగరుకీ సంబంధం లేదనను. కానీ ఆ లెక్క తేల్చాల్సింది రక్తపరీక్ష, పెళ్ళి బంతి కాదు.

ఒళ్ళు చూసి సత్తువ కూడా తేల్చలేం. మన పక్క శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 1994, 1995ల్లో వెయిట్‌లిఫ్టింగ్ 54 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కి 69 కిలోల విభాగంలో వెళ్తుంటే ఒళ్ళు చేసిందని పత్రికల్లో ఎకసెక్కాలాడారు. సెప్టెంబరు 19న స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళ ఆమే. అలాగని పతకం తెస్తేనే మర్యాద అనుకోకు. మీ అక్క ఏ బరువూ ఎత్తక్కర్లేదు, ఎవరికీ ఏదీ రుజువు చెయ్యక్కర్లేదు.

ఏ ఒళ్ళయినా సిగ్గుపడక్కర్లేదంటూ నీ ఫోన్లో కనిపించే బాడీ పాజిటివిటీ అద్దం ముందు మురిసిపోవడానికి పుట్టింది కాదు. 1969లోనే అమెరికాలో లావుపాటివాళ్ళ కోసం ఒక సంఘం పెట్టి, తమపై వివక్ష వద్దని పోరాడారు. వాళ్ళడిగింది పొగడ్త కాదు, అందరితో సమానంగా చూడమని.

అక్కకి ఫోన్ చేసి తప్పయిందని చెప్పు. "నీ మంచికే అన్నాను" అని తోక తగిలించకు. బీచ్‌రోడ్డుకి పిలిస్తే సముద్రం చూడ్డానికే పిలువు, ఒళ్ళు తగ్గడానికని కాదు. మురీ మిక్చర్ కొంటే రెండు పొట్లాలు కొను. ఇంకెవరైనా దాని ఒంటి మీద జోకేస్తే నువ్వు నవ్వకు. "ఆ మాట బాలేదు" అని అక్కడే అను. సన్నగా ఉన్న నువ్వంటే వింటారు. అక్క అంటే ఉడుక్కుందంటారు.

ఇట్లు,
నీ పెద్దమ్మ