గుడి ఆవరణలో ప్రార్థన తోట



ప్రార్థించువాడు తన గదికి పోయి తలుపు మూసికొనవలెనని మన ప్రభువు కొండమీది ప్రసంగములో నేర్పించెను. మన పల్లెలలో అట్టి గది ఎందరికున్నది? ఒక్క గదిలోనే వంట, పడక, పిల్లల చదువు, ముసలివారి దగ్గు. అత్తమామల యెదుట కోడలు కన్నీరు విడువలేదు. అప్పులపాలైన రైతు, భార్యాబిడ్డలు వినుచుండగా మొఱ పెట్టుకొనలేడు. వీరు ఎక్కడికి పోవలెను?

యెరూషలేములో ప్రభువునకును సొంత ఇల్లు లేదు. ఆయన తోటకు పోయెను. గెత్సేమనే అనగా నూనె గానుగ. ఆయన అక్కడికి తరచుగా వెళ్లుచుండెనని యోహాను సువార్త 18వ అధ్యాయము తెలుపుచున్నది. అందుచేతనే యూదాకు ఆ చోటు తెలిసియుండెను. శ్రమ వచ్చిన రాత్రి ఆయన క్రొత్త చోటు వెదకలేదు, అలవాటైన చోటికే వెళ్లెను. మనకును అట్టి చోటు ముందే సిద్ధపడి యుండవలెను.

కాబట్టి గుడి ఆవరణలో ఒక మూల తోట వేయుదము. చూపరుల మెప్పుకొరకు కాదు, గది లేనివారికి గదిగా ఉండుటకు. తొలకరి పడగానే రెండడుగుల గుంటలు త్రవ్వి, చెరువు మట్టియు, మాగిన పశువుల ఎరువును కలిపి నింపుదము. నీడకు వేప, కానుగ, వాసనకు మల్లె, అహరోను అంగీ అంచున ఏ పండ్ల రూపములుండెనో పిల్లలకు చూపుటకు దానిమ్మ. గన్నేరు విషము గనుక పిల్లలు తిరుగు చోట వద్దు. మేకలు రాకుండ ముళ్లకంప కట్టుదము. వేసవిలో ప్రతి మొక్క ప్రక్కను ఒక మట్టికుండ పాతి నీళ్లు నింపినయెడల, తేమ మెల్లమెల్లగా వేళ్లకు ఊరును. ఆదివారమున ఇంటికొక బిందె చాలును. కూర్చుండుటకు ఒక రాతిబల్ల వేయుదము. దానిమీద దాత పేరు చెక్కింపవద్దు, ఏడ్వవచ్చినవారు ఎవరి దయకును లోబడినట్లు తలంపరాదు. గుడికి తాళము వేసినను తోటకు వేయరాదు. ఏ కులమువారైనను, ఏ మతమువారైనను వచ్చి కూర్చుండవచ్చును.

“నీళ్లకే కరవైనప్పుడు తోట ఎందుకు? ఎండిపోయిన ఏమి చేయుదుము?” అని కొందరు అడుగుదురు. 1814లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన మిషనరీ విలియం కేరీ, బెంగాలులోని శ్రీరాంపురమున తోట వేసి, దానినే తన ప్రార్థన స్థలముగా చేసికొనెను. 1823లో వరద వచ్చి దానిని పాడుచేసెను. ఆయన మరల నాటెను. మన మొక్కలు ఎండినయెడల మనమును మరల నాటుదము. మరల నాటుటయు ప్రార్థనయే.

పునరుత్థాన దినమున మగ్దలేనే మరియ ఏడ్చుచు నిలిచినది తోటలోనే. తోటమాలి అనుకొన్నవాడు పేరుపెట్టి పిలువగా ఆమె తన ప్రభువును గుర్తుపట్టెను. మన తోటలో ఒంటరిగా ఏడ్చువారిని సయితము ఆయన పేరుపెట్టి పిలుచును గాక. ఆమేన్.